పసుపు రాయని చీటీ

మొన్న శుక్రవారం పొద్దున్న షాపు ఊడుస్తుంటే మిషను కింద నుంచి గుప్పెడు కాగితం ముక్కలు వచ్చాయి. చిటికెనవేలి గోరంత ముక్కలు. అన్నిటికీ పసుపు అంటుకుని ఉంది.

మా షాపులో పసుపు వింతేం కాదు. తణుకులో శుభలేఖలు అచ్చువేసే షాపు మాది. కార్డుల కట్ట పెళ్ళివాళ్ళ చేతికిచ్చే ముందు, పైన ఉన్న కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి ఇవ్వడం మా నాన్నగారి నాటి నుంచీ ఉన్న అలవాటు. టేబులు మీద పెన్ను లేకపోయినా పసుపు డబ్బా ఉంటుంది. కానీ పసుపు రాసిన మూలని ఎవరైనా కత్తిరిస్తారా? అపశకునం కాదూ! నేను కత్తిరించాను. ఒకటీ రెండూ కాదు, రెండు వందల చిల్లర చీటీలు, ఒక్కోదానికి నాలుగేసి మూలలు, వరసపెట్టి కత్తిరించాను. అంతా అప్పుడే ఊడ్చి పారేశాననుకున్నాను. ఎక్కడ దాక్కున్నాయో, ఏడాది దాటాక బయటికొచ్చాయి.

చీపురు పక్కన పడేసి గచ్చు మీదే కూలబడ్డాను. పక్క టీకొట్టాయన తొంగిచూసి "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అన్నాడు. "దుమ్మండీ, కంట్లో పడింది" అన్నాను.

ఆ ముక్కలు సిస్టరు గారి చీటీలవి.

ఆవిడకి పేరు లేక కాదు. మా షాపుకి ఎదురుగా ఉన్న చిన్న ఆసుపత్రిలో నర్సు ఆవిడ. ఇక్కడ నర్సంటే సిస్టరే. పురిటికొచ్చిన పిల్లలూ, పంచె సర్దుకోలేని ముసలాళ్ళూ అందరూ 'సిస్టరు గారూ' అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను, చివరిదాకా. నాకంటే పదేళ్ళు చిన్న. ముప్పై ఎనిమిది దాటాయి అప్పటికి. నా అనేవాళ్ళు నరసాపురంలో ఒక చెల్లెలు మాత్రమే.

మొదటిసారి మా షాపు మెట్లెక్కినప్పుడు నేను ఏదో చందాకి వచ్చారనుకున్నాను.

"కార్డులు కోసేశాక మిగిలిన ముక్కలుంటే ఇస్తారాండి? మందమైనవి" అన్నారు.

"దేనికండీ?"

"చీటీలు రాసుకోడానికండి. జపాన్ భాష నేర్చుకుంటున్నాను."

నా నోరు మంచిది కాదు. పకపకా నవ్వేశాను. "మన గోస్తనీ కాలవ దాటని వాళ్ళకి జపాన్ భాషెందుకండీ!" అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. చేతులు రెండూ ఒకదానికొకటి రుద్దుకుంటూ నిలబడ్డారు, వార్డులో మందు రాసుకుని చెయ్యి ఆరబెట్టుకున్నట్టు. ఏం ముట్టుకోవాలన్నా ముందు అలా చేతులు రుద్దుకోవడం ఆవిడకి అలవాటు.

"అక్కడ ముసలాళ్ళని చూసుకోడానికి మనుషులు కావాలంటండి. పేషెంటుని మంచం మీద నుంచి లేపడానికి మిషన్లున్నాయంట. ఇక్కడ మిషను నేనే కదండీ" అని నడుం మీద చెయ్యి వేసుకున్నారు. "పరీక్ష పాసవ్వాలి. నలభై దాటితే తీసుకోరంట."

"వస్తాదంటారా మరి?"

"ఆయ్, ఎందుకు రాదండి. అవునంటే వాళ్ళు హై అంటారు, మనం ఆయ్ అంటాం. అప్పుడే ఒక మాట వచ్చేసిందిగా!"

అదీ మనిషి. ఒక సంచీడు ముక్కలు ఇచ్చి పంపాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. ఈసారి ఆవిడ చీటీలు చూశాను. ముందువైపు తెలుగు వాక్యం, వెనకవైపు ఆ జపాన్ గీతలు, వాటి కింద ఎలా పలకాలో మళ్ళీ తెలుగులో. అంతా చేత్తోనే. ఒక్కో చీటీకి పది నిమిషాలు పడుతోందట. డ్యూటీలో దొరికే ఖాళీ అంతా చీటీలు రాయడానికే సరిపోతోంది, ఇంక చదివేదెప్పుడు?

"ఫోన్లో ఇలాంటివి చెయ్యడానికి ఏవో యాప్‌లుంటాయి కదండీ?" అన్నాను.

"ఉన్నాయండి, ఎక్కించాను. వార్డులో ఫోను తియ్యనివ్వరు. ఇంట్లో తీస్తే చీటీ చూస్తున్నానా, రీల్సు చూస్తున్నానా నాకే తెలీట్లేదు. చీటీ అయితే ఏప్రాన్ జేబులో పడుంటది."

ఆ చేతిరాత చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది. నాకు ఆలస్యం పడదు. మా దగ్గర పెళ్ళివాళ్ళు చుట్టాల పేర్ల లిస్టు పంపిస్తే, ఆ లిస్టు కంప్యూటరుకి చూపించి, కవరు డిజైను పక్కన పెడతాం. పేర్లన్నీ వాటంతటవే ఒక్కో కవరు మీద ఒక్కోటి పడిపోతాయి. ఐదొందల కవర్లు టీ తాగొచ్చేలోపు అయిపోతాయి. చుట్టాల పేర్ల బదులు వాక్యాలు పెడితే సరి! "రేపట్నుంచి పెన్ను ముట్టుకున్నారంటే ఊరుకోను" అని చెప్పి కూర్చోబెట్టి, కాదు, నిలబెట్టి నేర్పించాను. ఆవిడ కూర్చునేవారు కాదు ఎప్పుడూ. "కూర్చుంటే నిద్దరొచ్చేస్తాదక్కా" అనేవారు. మా షాపులో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఆవిడ కోసం జరిపీ జరిపీ విసుగొచ్చి మానేశాను.

పద్ధతి ఇలా కుదిరింది. ఆవిడ పాఠం పుస్తకం పేజీ ఫోనుతో ఫొటో తీసేవారు. ఫొటో మీద వేలు అదిమి పడితే అక్షరాలు ఊడొస్తాయి. వాటిని లిస్టులో మొదటి గడిలో అతికించడం, పలికే తీరు రెండో గడిలో, తెలుగు అర్థం మూడో గడిలో. తెలుగు టైపు చెయ్యక్కర్లేదు, నోటితో చెప్తే ఫోనే రాసేస్తుంది. వారానికోసారి పొద్దున్న ఆ లిస్టు నా వాట్సాప్‌కి వచ్చేది. నేను మిగిలిపోయిన శుభలేఖల అట్ట మీద షీటుకి పన్నెండు చొప్పున రెండువైపులా అచ్చువేసి, కోసి, ఆవిడ చెల్లెలు పంపిన లేసు దారంతో కట్టి ఉంచేదాన్ని. మధ్యాహ్నం రెండున్నరకి, డ్యూటీకెక్కే ముందు వచ్చి పట్టుకెళ్ళేవారు. రెండు పూటల పని అరగంటకి దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మురిసిపోయినన్నాళ్ళు పట్టలేదు తలదించుకోడానికి. రెండువైపులా వేసేటప్పుడు కాగితం తిరగేస్తే ఎడమ పక్కది కుడి పక్కకి పోతుంది. అందుకని వెనకవైపు వరసలు అటుదిటు మార్చి పెట్టుకోవాలి. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పని. రెండో షీటుకే మర్చిపోయాను. 'నొప్పిగా ఉందా?' అన్నదాని వెనక 'కిటికీ తెరవనా?' అన్నది పడింది. పన్నెండు చీటీలూ అంతే. పాపం ఆవిడ మూడు రోజులు వాటినే బట్టీపట్టారు. ఆదివారం ఆదివారం ఫోన్లో జపాన్ భాష క్లాసు ఉండేది ఆవిడకి. ఆ వారం పంతులమ్మ కడుపు పట్టుకుని ముసలి పేషెంటులా మూలిగిందట. మన సిస్టరు గారు ఎంతో దయగా ముందుకి వంగి, కిటికీ తెరవనా అని అడిగారట.

సోమవారం వచ్చి మా కౌంటరు పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చీటీలన్నీ మళ్ళీ వేసిస్తానంటే, "పదకొండు వెయ్యండి. ఈ నొప్పి చీటీ మాత్రం నేనే రాసుకుంటాను. చేత్తో రాస్తే ఇంక జన్మలో మర్చిపోను" అన్నారు. అక్కడే నిలబడి రాశారు. గుండ్రటి తెలుగు అక్షరాలు, 'నొప్పిగా ఉందా?' తిరగేసి, ఆ జపాన్ గీతలు. కింద, 'ఇతాయ్ దెస్ కా'.

చీటీలు వేసుకోడానికి ఆవిడకి ఐదు పూతరేకుల డబ్బాలుండేవి. రోజు డబ్బా, మూడ్రోజుల డబ్బా, వారం డబ్బా, పక్షం డబ్బా, నెల డబ్బా. కొత్త చీటీ రోజు డబ్బాలో పడుతుంది. జవాబు చెప్పగలిగితే పక్క డబ్బాలోకి, మళ్ళీ మూడు రోజులకి గానీ బయటికి తియ్యరు. మళ్ళీ చెప్తే వారం, ఆ తర్వాత పక్షం, ఆ తర్వాత నెల. ఎక్కడ తప్పినా సరే, నెల డబ్బాలో ఉన్నదైనా సరే, తిన్నగా రోజు డబ్బాకి వచ్చెయ్యాలి. రోజు డబ్బాని ఆవిడ ఐసీయూ అనేవారు.

"ఇవాళ వంద వేసి పడేస్తానండీ, సరదాగా" అని నేను ఊదరగొట్టేదాన్ని.

"వద్దక్కా. వారానికి ఒక్క షీటే. నా ఐసీయూలో మంచాలు తక్కువ."

ఒంటి మాటలకి చీటీలు వెయ్యనిచ్చేవారు కాదు. నేనోసారి లిస్టు తేలిగ్గా ఉంటుందని బియ్యం, దుప్పటి, చెప్పులు అని మాటలు మాత్రమే వేసిస్తే వెనక్కిచ్చేశారు. "పేషెంటు అటెండరు లేకుండా వస్తే మనం చేర్చుకుంటామాండీ? కొత్త మాట తెలిసినోళ్ళని వెంటేసుకుని రావాలి" అన్నారు. వాక్యానికి ఒక్కటే కొత్త మాట. అది కూడా మంచం పక్కన నిలబడి ఆవిడ నిజంగా ఎవరితోనో అనబోయే వాక్యమై ఉండాలి. మెల్లగా లేద్దాం. దుప్పటి కప్పనా? నేనిక్కడే ఉన్నాను.

రోజూ రెండున్నర నుంచి మూడు దాకా నాకు పరీక్షాధికారి ఉద్యోగం. నేను తెలుగు చదివితే ఆవిడ జపాన్‌లో చెప్పాలి. చీటీ వెనక తెలుగు లిపిలో ఉంటుంది కాబట్టి సరిపోల్చుకుని 'కరెక్టు', 'తప్పు' అనడం నా పని. అంత మాత్రానికే నేను ఏదో పెద్ద పండితురాలినైనట్టు కళ్ళజోడు ముక్కు మీదకి దించేదాన్ని. నెల డబ్బాలోంచి కూడా కరెక్టుగా వచ్చిన చీటీని చూపించి ఆవిడ "డిశ్చార్జి" అనేవారు. నేను పసుపు డబ్బాలో బొటనవేలు ముంచి నాలుగు మూలలా రాసి, "పెళ్ళైపోయింది, అత్తారింటికి పంపెయ్యండి" అనేదాన్ని. పసుపు చీటీలు వేరే కట్టగా కట్టేవాళ్ళం. మొట్టమొదట పసుపు పడింది ఆ చేత్తో రాసిన నొప్పి చీటీకే. ఆ వేళ ఆవిడ జీళ్ళు తెచ్చి పంచారు.

ఏడాది అలా గడిచింది. అంత బావుండే రోజులని అప్పుడు తెలీలేదు, తెలిస్తే ఇంకాస్త నెమ్మదిగా ఉండేదాన్నేమో.

శ్రావణమాసం వచ్చింది. ముహూర్తాల మీద ముహూర్తాలు, షాపులో ఊపిరాడ్డం లేదు. ఆవిడ పరీక్షకి రెండు నెలలుంది. ఒకరోజు ఏదో తేలిక వాక్యం, ఎప్పుడో వచ్చేసినది, అడిగితే మధ్యలో ఆగిపోయారు. "నోట్లోనే ఉందక్కా" అన్నారు. మర్నాడు ఇంకో దానికి ఆగలేదు, వేరే ఏదో మాట పెట్టి చెప్పేసి, సరిగ్గానే చెప్పానన్నట్టు నా మొహంలోకి చూశారు. నేను ఒక చెవికి ఫోను పెట్టుకుని, ఇంకో చేత్తో ఎవరిదో ప్రూఫు దిద్దుతూ, "కరెక్టే, కరెక్టే" అన్నాను.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను వెయ్యిసార్లు అడిగుంటాను. తీరిక లేక, ఒకటి. రెండోది, జాలి. తలకి బామ్ రాసుకుని, కళ్ళ కింద నలుపుతో వచ్చేవారు. వరసగా నైట్ డ్యూటీలు వేస్తున్నారన్నారు. ఒకసారి రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చారు, ఇద్దరం నవ్వుకున్నాం. అలాంటి మనిషికి రోజూ 'తప్పు, తప్పు' అని ఐసీయూ నింపితే పరీక్ష ముందు డీలా పడిపోతారని నా గొప్ప ఆలోచన. డ్యూటీ అలసట, పోతుందిలే అనుకున్నాను. అలా రెండు నెలలు నా నోటికొచ్చినట్టు కరెక్టులు పంచిపెట్టాను. పసుపు కూడా రాశాను, ఈ బొటనవేలితోనే.

పరీక్ష రాసొచ్చిన మూడో రోజు ఆవిడ షాపుకొచ్చారు. కౌంటరు దాటి లోపలికి వచ్చి, ఎర్ర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అన్నాళ్ళలో మొదటిసారి.

పసుపు కట్ట నా ముందు పెట్టారు.

"పోయిందక్కా పరీక్ష. పోతే పోయింది. కానీ ఇవే వాక్యాలు వచ్చాయి పేపర్లో, ఎప్పుడూ చూడనట్టున్నాయి నాకు. అక్కా, ఇవన్నీ నిజంగా నాకు వచ్చా?"

అబద్ధమాడదామనే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, తెరిచాను. ఆవిడ నా కళ్ళలోకే చూస్తున్నారు. అలా చూస్తే పేషెంట్లు మాత్ర మింగలేదని ఒప్పేసుకుంటారు.

"లేదండీ. శ్రావణం నుంచీ కొన్ని తప్పులే. నేనే కరెక్టన్నాను."

కోపం వచ్చింది ఆవిడకి. ఆవిడ కోపం నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు.

"నర్సునండీ నేను! చార్టులో జ్వరం లేదని రాసేస్తే జ్వరం తగ్గిపోద్దా? నా చార్టండీ ఇది. మీ చేతిలో పెట్టాను."

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. నా టేబులు మీద పెన్ను తీసుకుని, కాగితం మీద నిలువుగా గీత గీసి, "అడగండి. ఈసారి నిజం చెప్పండి" అన్నారు. యాభై చీటీలు అడిగాను. పదకొండు వచ్చాయి. అన్నిటికన్నా భయం వేసిందేంటంటే, తప్పు చెప్పినప్పుడు అది తప్పని ఆవిడకి తెలియడం లేదు. ఆవిడ ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. వేరే ఎవరి రిపోర్టో చూస్తున్నట్టు చూశారు.

"ఇది మరుపు కాదక్కా. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఒక మాటకి ఇంకో మాట రావడం. ఇంకెవరికైనా అయితే మొదటి రోజే స్కానింగుకి పంపుండేదాన్ని."

కాగితం పక్కన పెట్టి పసుపు కట్ట వైపు వేలు చూపించారు. "ఆ మూలలు తీసెయ్యండి. అన్నీ ఐసీయూకే."

"పసుపు రాసినవి కొయ్యకూడదండీ, అపశకునం" అన్నాను.

"రానివాటికి రాయడం మంచి శకునమాండీ?"

కార్డుల మూలలు గుండ్రంగా కోసే చిన్న మిషనుంది మా దగ్గర. ఒక్కో నొక్కుకి ఒక్కో మూల. ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తుంటే నేను కోసాను. నొప్పి చీటీ వచ్చినప్పుడు నా చెయ్యి ఆగింది. "అదీను" అన్నారు.

రాజమండ్రిలో స్కానింగు తీశారు. తలలో ఎడమ పక్క గడ్డ. నేను కూడా వెళ్ళాను. ఆవిడ్ని బయట కూర్చోబెట్టి డాక్టరు గారిని నేనే అడిగాను, రెండు నెలల ముందు తీసుకొస్తే ఏమన్నా అయ్యేదా అని. ఆయన నా వైపు చూడకుండా ఫిల్ము సర్దుతూ, "చెప్పలేమండి. ఆపరేషనుకి వీలయ్యేదేమో. కాకపోనూవచ్చు" అన్నారు. ఆ 'ఏమో'తోనే బతుకుతున్నాను ఇప్పటికీ. అదేదో ఖాయంగా చెప్పేసినా బావుండేది.

తర్వాత నరసాపురం చెల్లెలింటికి చేర్చాం. ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్ళేదాన్ని. మంచం పక్కన స్టూలు మీద ఐదు పూతరేకుల డబ్బాలు. ఇంక చీటీలెందుకండీ అని నేను అనలేదు. ఒకసారి ఆ చెల్లెలు అంటే, "డ్యూటీ మధ్యలో దిగిపోతామేంటే" అన్నారు, మాట ముద్దగా. వెళ్ళగానే చేతులు రుద్దుకోబోయేవారు. కుడి చెయ్యి లేచేది కాదు. ఎడమ చేత్తో దుప్పటిని రుద్దుకుని, చీటీ తియ్యమని గడ్డంతో సైగ చేసేవారు.

అడిగేదాన్ని. చెప్పలేకపోయేవారు. "తప్పు" అనేదాన్ని. ఐసీయూలో వేసేదాన్ని. నెల డబ్బా ఖాళీ అయింది, పక్షం డబ్బా ఖాళీ అయింది. నరసాపురం వెళ్ళిన ప్రతిసారీ ఒక డబ్బా తేలికయ్యేది, రోజు డబ్బాకి మాత్రం మూత పట్టేది కాదు. ఒక్కో 'తప్పు' అనేటప్పుడు నా నాలుక కోసేసుకుందామనిపించేది. కానీ ఆవిడ ఒక్కో 'తప్పు'కీ బుద్ధిగా తలూపేవారు, అవును రాసుకోండి అన్నట్టు. చార్టు సరిగ్గా నడుస్తోందని ఆవిడకి తృప్తి.

ఆఖరి ఆదివారం ఆ చెల్లెలు ఓర్చుకోలేకపోయింది. గుమ్మం దగ్గర కూర్చుని లేసు అల్లుతోంది. నేను నాలుగోసారి "తప్పండీ" అనేసరికి చేతిలో పని విసిరికొట్టి లేచింది.

"ఎందుకండీ వచ్చి మరీ తప్పు తప్పు అంటారు? ఇంకెన్నాళ్ళుంటదండీ మా అక్క? ఒక్కసారి కరెక్టంటే మీ సొమ్మేం పోద్దండీ!"

కరెక్టు అని నేను ఎన్నిసార్లు అన్నానో ఆ పిల్లకి తెలీదు. చీటీ చేతిలో పట్టుకుని, ఇంక ఆపుకోలేక, భోరుమని ఏడ్చేశాను. తలకాయ మంచం పట్టెకి ఆనించి ఏడుస్తున్నాను.

నా మణికట్టు మీద ఏదో చల్లగా తగిలింది. ఆవిడ ఎడమ చెయ్యి. రెండు వేళ్ళు సరిగ్గా నాడి మీద పెట్టారు, లెక్కపెడుతున్నట్టు. తలెత్తి చూశాను. ఆ రోజంతా ఎటో చూస్తున్న కళ్ళు నన్నే చూస్తున్నాయి.

"ఇతాయ్... దెస్ కా?" అన్నారు.

నేను ఏ చీటీ అడగలేదు. ఏ డబ్బాలోంచీ తియ్యలేదు. ఏడుస్తున్న మనిషిని చూసి అడిగారు, అంతే.

ఐసీయూ డబ్బా ఒళ్ళో బోర్లించుకుని వెతికాను. మూలలు తెగిన చీటీల్లో ఆ చేతిరాత చీటీ దొరికింది. కళ్ళు తుడుచుకుని, తిరగేసి, అక్షరం అక్షరం సరిచూశాను. నా నోటి మీద నాకు నమ్మకం లేదు కాబట్టి రెండుసార్లు చూశాను.

"కరెక్టండీ సిస్టరు గారూ. నిజంగా కరెక్టు. ఒట్టు."

ఆవిడ చూపు డబ్బాల వైపు వెళ్ళింది. ఎక్కడ వెయ్యాలో నాకు తెలుసు. మూడ్రోజుల డబ్బా. అందులో ఆ ఒక్క చీటీయే. మూత పెట్టి "బుధవారం తియ్యాలండీ" అన్నాను. తలూపారు. చెల్లెలు వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

బుధవారం పొద్దున్న నేను షాపు తాళం తీస్తుంటే ఆ చెల్లెలు ఫోను చేసింది.

పన్నెండో రోజు వెళ్తే డబ్బాలన్నీ సంచీలో పెట్టి నా చేతికిచ్చింది. "మాకివి తెలీవు కదండీ. మీ దగ్గరుంటేనే నయం" అంది. తెచ్చి పసుపు డబ్బా పక్కన పెట్టుకున్నాను. మిగతావేవీ ముట్టుకోలేదు. ఆ ఒక్క చీటీ మాత్రం ఆవిడ పద్ధతిలోనే నడిపిస్తున్నాను. బుధవారం తియ్యాల్సింది ఆలస్యంగా తీశాను. చెప్పగలిగాను, వారం డబ్బాలో వేశాను. తర్వాత పక్షం. తర్వాత నెల. నెల డబ్బాలోంచి కూడా కరెక్టుగా వచ్చింది. రూలు ప్రకారం ఇంక డిశ్చార్జి. కోసేసిన మూలలకే మళ్ళీ పసుపు రాసి పంపెయ్యాలి. బొటనవేలు డబ్బాలో ముంచి, తీసి, చీరకి తుడిచేసుకుని, చీటీని తిరిగి నెల డబ్బాలోనే పెట్టాను. ఆ తర్వాత నెలా అంతే. ఆవిడుంటే చార్టు ఇలా నడపకూడదండీ అని కోప్పడుదురు.

మొన్న శుక్రవారం కూడా దాని వంతే. ఆ పసుపు ముక్కలన్నీ ఏరి ఒక శుభలేఖ కవర్లో వేశాక, కుర్చీలో కూర్చుని చీటీ తీశాను. 'నొప్పిగా ఉందా?' అని ఉంది, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో. జవాబు పైకే చెప్పాను. తిరగేసి చూశాను. కరెక్టే.

పసుపు డబ్బా మూత తీసి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చేతులు రాలేదు. మళ్ళీ నెల డబ్బాలోనే పెట్టేశాను.